బంతిలో వడ్డన

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దలన్నారు. బంతి అంటే భోజనాల వరసా అవుతుంది, ఆడుకునే బంతీ అవుతుంది. టెన్నిసులో ఆట మొదలుపెట్టే దెబ్బకు ఇంగ్లీషువాళ్ళు 'సర్వు' అని పేరు పెట్టారు. ఆ మాటను తెలుగు చేయవలసివస్తే 'వడ్డన' అనే అనాలి. ఇంత చక్కగా కుదిరిన మాటను మా హోసూరు, కృష్ణగిరి టెన్నిసు మిత్రులెవరూ వాడరు. వాళ్ళు 'సర్వీసు' అంటారు. ఆ అనడంలో తుపాకి పేల్చబోయే ధోరణి ఉంటుంది. ఆ ధోరణిని గురించే మాకు నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

మా కోర్టు పక్కన ఒక కానుగచెట్టు ఉంది. ఆట ముగించుకుని చెమటలు తుడుచుకుంటూ దాని కింద చేరినప్పుడల్లా వాదం ఒకటే. మనబోటి సెలవునాటి ఆటగాళ్ళకు సర్వు ఎంత ముఖ్యం? సగం ఆట అదేనని ఒకరంటారు. "సగమేమిటన్నా, ముప్పాతిక!" అని ఇంకొకరు. "మనలో ఎవరు సర్వు చేస్తే ఎవరు గెలుస్తున్నారు గనుక? లోపల పడితే అదే పదివేలు" అని మూడోవారు. ఇంతలో టీ వస్తుంది. వాదం ఆగుతుందే గాని తేలదు.

మా రెండూళ్ళ సంగతి తెలియనివారి కోసం ఒక మాట. హోసూరు బెంగుళూరికి 40 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. చుట్టుపట్ల పల్లెల్లో తరతరాలుగా తెలుగు వినబడుతూనే ఉంది. 1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చాక లారీల కార్ఖానా, మోపెడ్ల కార్ఖానా, గడియారాల కార్ఖానా ఒకదాని వెనుక ఒకటి వెలిసి నలుమూలలనుంచీ మనుషుల్ని తెచ్చాయి. అందుచేత మా కోర్టులో స్కోరు ఇంగ్లీషులో, పోట్లాట తెలుగులో, టీ పురమాయింపు తమిళంలో, బెంగుళూరునుంచి వచ్చినవారితో మర్యాదలు కన్నడంలో జరుగుతాయి. నెలకొక ఆదివారం మేము శూలగిరి మీదుగా యాభై కిలోమీటర్లు దిగి కృష్ణగిరి వెళతాం. లేదా వాళ్ళే పైకి వస్తారు. మే, జూన్ నెలల్లో మాత్రం వాళ్ళనే రమ్మంటాం. వచ్చేటప్పుడు మామిడిపళ్ళ బుట్ట తెస్తారు గనుక.

ఇక అసలు సంగతి. పెద్ద ఆటగాళ్ళకు సర్వు ప్రాణమని ఒప్పుకోక తప్పదు. 2010లో వింబుల్డన్‌లో జాన్ ఇస్నర్, నికొలాస్ మహు అనే ఇద్దరు మూడు రోజుల మీద 11 గంటల 5 నిమిషాలు ఆడారు. చివరి సెట్టు 70-68. ఎదుటివాడి రాకెట్టుకు తగలకుండా పోయే సర్వును ఏస్ అంటారు గదా. అటువంటివి ఇద్దరూ కలిసి 216 కొట్టారు. అది ఆట అనిపించుకుంటుందో, ఇద్దరు మనుషులు చెరొక గోడకు బంతి కొట్టుకోవడం అవుతుందో చెప్పలేం గాని, సర్వు బలం ఎంతటిదో దానివల్ల తెలిసింది. టెలివిజన్‌లో ఇటువంటివి చూసి వచ్చి మా కుర్రవాళ్ళు మర్నాడు కోర్టులో భుజాలు విరుచుకుంటారు.

వాళ్ళకు మేము చెప్పే పేరు వేరే ఉంది. మన మద్రాసువాడే రామనాథన్ కృష్ణన్. తండ్రి రామనాథన్ దగ్గర ఆట నేర్చుకుని 1954లో వింబుల్డన్ బాలుర టైటిలు గెలిచాడు. 1960లోనూ, 1961లోనూ పెద్దల పోటీలో సెమీఫైనలుదాకా వెళ్ళాడు. 1961లో క్వార్టర్ ఫైనలులో రాయ్ ఎమర్సన్ అంతటివాణ్ణి ఒక్క సెట్టయినా ఇవ్వకుండా ఓడించాడు. ఆ రెండేళ్ళూ ఆయన్ను సెమీఫైనలులో ఓడించిన ఫ్రేజరు, లేవరు ఆ యేటి విజేతలే అయ్యారు. ఇంతటి కృష్ణన్‌కు లేనిదల్లా సర్వులో వేగం. చూసినవారందరూ చెప్పేమాటే అది: సర్వు మెత్తన, మిగతా ఆట కత్తి. కొడుకు రమేశ్ కృష్ణన్‌దీ అదే బాణీ. అయినా 1989లో మెల్‌బోర్న్‌లో అప్పటి ప్రపంచ ప్రథముడు విలాండరును ఓడించాడు. మన హైదరాబాదు సానియా మీర్జాకు కూడా ఫోర్‌హాండే ఆయుధం. సర్వు బలహీనమని పత్రికలు రాస్తూనే ఉండేవి, ఆమె గెలుస్తూనే ఉండేది. 2007లో సింగిల్సులో 27వ స్థానానికీ, 2015లో డబుల్సులో ప్రథమ స్థానానికీ చేరింది. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేనివంటి పొడగరులు పెద్ద సర్వుతో పైకివచ్చిన మాట నిజమే. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి అలా ఆడటంలో వింత లేదు. మనం ఏ కొలత మనుషులమో అద్దం చెబుతుంది.

అద్దం అన్నాం గనుక కొలతల లెక్క కూడా చూద్దాం. వెనుక గీతనుంచి నెట్టు 39 అడుగులు. నెట్టునుంచి సర్వీసు గీత 21 అడుగులు. నెట్టు మధ్యలో 3 అడుగుల ఎత్తు, అంచులకు పోయినకొద్దీ మరికాస్త ఎక్కువ. తాడు లాగి కట్టినట్టు తిన్నగా పోయే బంతి నెట్టు మీదుగా పోయి గీత లోపల పడాలంటే, అది ఎనిమిదిన్నర అడుగులకు పైనుంచి బయలుదేరాలి. అయిదున్నర అడుగుల మనిషి చెయ్యి పూర్తిగా చాచి కొట్టినప్పుడు రాకెట్టు నడిబొడ్డు ఉండేది కూడా దాదాపు అక్కడే. అనగా తిన్నని బంతికి నెట్టు పైన వెంట్రుకవాసి చోటు కూడా మిగలదు. మన సర్వులు లోపల పడుతున్నాయంటే అది భూమ్యాకర్షణ చలవ. బంతి నెట్టు మీదుగా ఎత్తున పోయి, దారిలో కిందికి వంగి, గీత లోపల వాలాలి. వంగడానికి రెండే ఉపాయాలు: మెల్లగా కొట్టడం, లేదా బంతిని కింది నుంచి పైకి రాసుకుంటూ కొట్టి ముందుకు దొర్లే గిర్రు ఇవ్వడం. బలంకొద్దీ బాదడమనే మూడో ఉపాయం పొడగరులకు ఉంది, మనకు లేదు.

ఇంత చెప్పినా మా కుర్రవాళ్ళు వినరు. "నూటికి నలభై పడినా చాలు మామా, పడ్డవి ఎవరెత్తుతారు?" అంటారు. సరే, వాళ్ళ లెక్కతోనే పోదాం. వంద పాయింట్లలో మొదటి సర్వు 40 లోపల పడ్డాయనుకోండి. మిగిలిన 60కి రెండో సర్వు వేయాలి. దాన్నికూడా పౌరుషంగానే కొడతారు గనుక పదింట ఆరు పడ్డాయనుకుందాం. అప్పుడు 24 డబుల్ ఫాల్టులు. ఎదుటివాడు రాకెట్టు కదపకుండానే వందలో 24 పాయింట్లు అతని ఇంటికి పంపించినట్టయింది. మిగిలిన 76లో, సర్వు బలం వల్ల, నూటికి 60 వంతున వీళ్ళే గెలిచారనుకున్నా మొత్తం మీద 46 మించవు. ఆ ప్రకారం వాళ్ళు సర్వు చేసే గేముల్లో నూటికి 39 మాత్రమే నెగ్గుతారు.

ఇప్పుడు ఇంకొకాయన్ను తీసుకోండి. వేగం లేదు, ఆర్భాటం లేదు. మొదటిదైనా రెండోదైనా నూటికి 85 లోపల వేస్తాడు. ఆయన డబుల్ ఫాల్టులు నూటికి రెండున్నరైనా ఉండవు. సర్వు వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు. మిగతా పాయింట్లు సగం ఈయనవి, సగం అవతలివాడివి. అయినా తన సర్వు గేముల్లో నూటికి 47 నెగ్గుతాడు. ఈ అంకెలు మేము ఉదాహరణకు వేసుకున్నవే. కాని ఏ ఆదివారమైనా చెట్టు కింద కూర్చుని, ఎవరు ఎన్ని డబుల్ ఫాల్టులు కొడుతున్నారో వేళ్ళు మడిచి చూడండి. మనం వేసుకున్న 24 మరీ అన్యాయమైన అంకె కాదని తెలుస్తుంది.

కాబట్టి మా తీర్పు ఇది. సెలవునాటి ఆటలో సర్వు చాలా ముఖ్యం, సర్వు వేగం మాత్రం కాదు. వడ్డన విస్తట్లో పడాలి. గరిటె ఎంత ఎత్తునుంచి తిప్పారన్నది తిన్నవాడికి అక్కరలేదు.

ఒక్క మినహాయింపు చెప్పకపోతే మా డబుల్సు జోడీలు మమ్మల్ని క్షమించరు. సర్వు మరీ మెత్తగా, నెట్టుకు దగ్గరగా, కుడిచేతి వైపు పడిందంటే, ఎదుటివాడు ముందుకు వచ్చి దాన్ని ఎవరి మీదికి బాదుతాడు? నెట్టు దగ్గర అమాయకంగా నిలబడిన మన జోడీ మీదికే. మా వాళ్ళలో ఒకరికి కళ్ళజోడు పగిలింది కూడా. మెత్తగానైనా సర్వీసు గీతకు దగ్గరగా, లోతుగా వేయాలి. చేతనైతే ఎదుటివాడి బ్యాక్‌హాండుకు వేయాలి. ఈ రెండూ ఉంటే వేగం లోటు ఎవరికీ కనబడదు.

ఊరినిబట్టి కూడా సర్వు మారుతుంది. డిసెంబరు ఉదయాల్లో హోసూరు మంచులో బంతి తడిసిన గుడ్డముద్దలా లేవదు, చలికి దాని చురుకుతనం చస్తుంది. అదే బంతి ఏప్రిల్లో కృష్ణగిరిలో, కొండబండలు కాగి సెగలు కక్కుతున్నప్పుడు, భుజాల మీదికి లేస్తుంది. పైనుంచి వెళ్ళిన మావాళ్ళ సర్వులు అక్కడ మొదటి అరగంట గీతలు దాటిపోతూనే ఉంటాయి. ఆషాఢమాసపు గాలి వేరే కథ. సర్వుకని పైకి ఎగరేసిన బంతి దిగివచ్చేసరికి పక్కవాడి బంతి అయి ఉంటుంది. ఆ నెలలో తక్కువ ఎత్తుకు ఎగరేసి, చటుక్కున కొట్టేవాడే రాజు. అన్నట్టు, టెన్నిసు కోర్టు ఉత్తర దక్షిణాలుగా ఉండాలని ఎందుకంటారో, తూర్పు ముఖంగా నిలబడి ఉదయం ఏడు గంటలకు సర్వు చేసినవాడికి ఎవరూ వివరించనక్కరలేదు.

ఇంతవరకూ చెప్పింది ఆడగలిగేవాళ్ళ గొడవ. మాకు ఈ విషయం మీద రాయాలనిపించడానికి కారణం వేరే ఉంది.

మా కోర్టులో అందరూ 'అయివారు' అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. డెబ్బయి దాటాయి. నెట్టు దగ్గర నిలబడి రాకెట్టు ఇలా అడ్డం పెడితే చాలు, బంతి వెళ్ళి ఎవరూ లేనిచోట పడుతుంది. రెండేళ్ళ కిందట ఆయన కుడిభుజం పట్టేసింది. నడివయసు దాటినవారికి, అందులోనూ చక్కెర జబ్బు ఉన్నవారికి ఇది తరచు వచ్చేదేనని డాక్టర్లంటారు. నెలల తరబడి ఉంటుంది, ఒక్కొక్కప్పుడు ఏళ్ళూ పడుతుంది. ఆయనకు చెయ్యి చెవి దాటి లేవదు. మిగతా దెబ్బలన్నీ ఆడగలరు, సర్వు మాత్రం చేయలేరు. రెండు వారాలు చెట్టు కింద కూర్చుని స్కోరు చెప్పారు. తరువాత రావడం మానేశారు.

నలుగురాడే ఆటలో ఒకరు తగ్గితే ముగ్గురు మిగలరు, ఆటే పోతుంది. మూడు నెలలు చూసి మేము ఇంటికి వెళ్ళాం. ఆయన లోపల ఉన్నారు. వాకిట్లో అమ్మగారు చెప్పారు: "ఆదివారం పొద్దున్నే లేచి బూట్లు వేసుకుంటారు నాయనా. అరుగు మీద కాసేపు కూర్చుంటారు. మళ్ళీ విప్పేసి లోపలికి వస్తారు. నేనేమీ అడగను."

అయివారితో మేము సూటిగానే అన్నాం. "కిందనుంచి సర్వు చెయ్యండి అయివారూ."

"పిల్లలు నవ్వరా?"

"నవ్వనీండి. నియమం మీ వైపుంది."

లెక్కల మేస్టారు గదా, నోటిమాటకు ఒప్పుకోలేదు. నియమం చూపించమన్నారు. చూపించాం. బంతిని చేత్తో ఏ దిక్కుకైనా వదిలి, అది నేలను తాకేలోగా రాకెట్టుతో కొట్టాలని మాత్రమే అందులో ఉంది. చెయ్యి పైకెత్తాలని ఎక్కడా లేదు. ఒక చెయ్యే వాడగలిగినవాడు రాకెట్టుతోనే బంతిని వదలవచ్చునని కూడా ఉంది. ఆయన రెండుసార్లు చదివారు. మైకేల్ చాంగ్ సంగతి కూడా చెప్పాం. 1989లో పారిస్‌లో పదిహేడేళ్ళ కుర్రవాడు, అప్పటి ప్రపంచ ప్రథముడు లెండిల్‌తో అయిదో సెట్టు ఆడుతూ, కాళ్ళ కండరాలు పట్టేసి నిలబడలేక, కిందనుంచి సర్వు చేశాడు. ఆ పాయింటు గెలిచాడు, ఆట గెలిచాడు, ఆ యేటి టైటిలు కూడా గెలిచాడు. "వాడికి పదిహేడు, నాకు డెబ్బయి రెండు" అన్నారు అయివారు. కాని ఆదివారం వచ్చారు.

మా మట్టి కోర్టులో ఆయన మొదటి సర్వు చూడవలసిందే. నడుము దగ్గరనుంచి బంతి కిందిభాగాన్ని చాకుతో దోసకాయ తరిగినట్టు కోశారు. అది నెట్టును ముద్దు పెట్టుకున్నంత దగ్గరగా దాటి, నేల మీద పడి, పైకి లేవకుండా పక్కకు పాకింది. వెనుక గీత అవతల రొమ్ము విరుచుకు నిలబడ్డ ఇంజనీరు కుర్రవాడు పరుగెత్తుకొచ్చి నెట్టులోకి కొట్టాడు. రెండోసారీ అంతే. మూడోసారికి కాస్త ముందుకొచ్చి నిలబడ్డాడు. అప్పుడు అయివారు లోతుగా వేశారు.

అందరూ సంతోషించారని రాస్తే బాగుండును గాని అది నిజం కాదు. ఆ కుర్రవాడికి కోపం వచ్చింది. "ఇది సర్వేనా మామా? ఇట్ల ఆడితే టెన్నిసు ఎందుకు?" అన్నాడు. రాతలో లేకపోయినా మర్యాద అనేది ఒకటుంటుందని అతని వాదం. కిందనుంచి సర్వు చేయడం ఎదుటివాణ్ణి వెక్కిరించడమని పెద్ద పోటీల్లో కూడా కొందరు అనుకుంటారు, జనం ఈలలు వేస్తారు. చెయ్యి లేచేవాడు అకస్మాత్తుగా అలా చేస్తే ఆ మాటలో కొంత న్యాయం ఉందేమో. చెయ్యి లేవనివాణ్ణి ఆ మాట అనడం మాకు నచ్చలేదు. ఆ మాటే అతనికి చెప్పాం. రెండు నెలలు అతను రాలేదు. బెంగుళూరులో పికిల్‌బాల్ ఆడుతున్నాడని తెలిసింది. అందులో అందరూ నడుము కిందనుంచే సర్వు చేయాలని నియమమట! ఈమధ్య మళ్ళీ వస్తున్నాడు. ఆ ప్రస్తావన మేమూ తేలేదు, అతనూ తేలేదు.

కృష్ణగిరివారికి ఈ సంగతి ముందే కబురు పెట్టాం, వచ్చాక పేచీ రాకూడదని. వాళ్ళు పేచీ పెట్టకపోగా, వాళ్ళలో కూడా ఇద్దరు పెద్దవాళ్ళు ఇదే కారణంచేత ఇంటిపట్టున ఉండిపోయారని చెప్పారు. వారిలో ఒకాయన ఇప్పుడు వస్తున్నారు. రెండోవారు ససేమిరా అన్నారు. ఎవరి పట్టుదల వారిది.

చివరగా సాధన మాట. ఆట మొదలుపెట్టే ముందు నలుగురూ నాలుగు ఫోర్‌హాండులు కొట్టుకుని, "సరే, పదండి" అంటారు. సర్వు సాధన చేసేవాడు ఒక్కడూ కనబడడు. ఎదుటివాడి ప్రమేయం లేకుండా, మన చేతిలో మనమే బంతి పట్టుకుని, మనకు నచ్చిన క్షణాన కొట్టే దెబ్బ టెన్నిసు మొత్తానికి అదొక్కటే. తోడు లేకుండా ఒంటరిగా నేర్చుకోగలిగిందీ అదే. పాతబడ్డ బంతులు ముప్పయ్యో నలభయ్యో ఒక బకెట్టులో వేసుకుని, వారానికొక సాయంత్రం వెళ్ళండి. మొదటి సర్వు జోలికి పోవద్దు, అన్నీ రెండో సర్వులే అనుకోండి. రాకెట్టును సుత్తి పట్టుకున్నట్టు పట్టుకోండి. నెట్టుకు మూడడుగుల ఎత్తున ఒక తాడు కట్టి ఉందనుకుని, దాని మీదుగా పంపండి. భుజం నొప్పి అనగానే ఆపెయ్యండి. ముప్పయ్యో సర్వు కోసం ముప్పయ్యేళ్ళ భుజాన్ని పాడుచేసుకోవడం తెలివి కాదు.

బంతులు ఏరడానికి మా కోర్టు వెనుక వీధి పిల్లలు వస్తారు. కూలి అడగరు, బకెట్టు నిండాక తలా పది సర్వులు చేయనిస్తే చాలు. వాళ్ళలో ఆరో తరగతి చదివే అమ్మాయి ఒకతె, తన ఎత్తుకు మించిన రాకెట్టుతో, అయివారి దగ్గర చూసి నేర్చుకుని కిందనుంచే వేస్తుంది. పోయిన వారం పదికి తొమ్మిది లోపల వేసింది. పదోది కూడా గీత మీదే పడిందని ఆమె పట్టు.